తాళం వేశారు సరే, పనిముట్లేవీ? ఆఫీసు కంప్యూటర్ల పెద్దలకు బహిరంగ లేఖ

ఆఫీసు కంప్యూటర్లలో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలో, ఏది ఉండకూడదో నిర్ణయించే అధికారులకు, ఐటీ విభాగం వారికి,

నమస్కారం.

మా సీట్లలో కూర్చుంటే తరచూ ఒక మెసేజ్ పలకరిస్తుంటుంది: ఈ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయడానికి మీకు అనుమతి లేదు, అడ్మిన్‌ని సంప్రదించండి. ఈ కట్టడి ఎందుకో మాకు తెలుసు. ఎవరికి వాళ్లు దొరికిందల్లా ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోతే ఆఫీసు నెట్‌వర్క్ మొత్తానికీ ముప్పు. దాంతో నాకు పేచీ లేదు. తాళం వేసినప్పుడే మా పనికి కావలసిన పనిముట్లు కూడా చేతికి అందించి ఉండాల్సింది. అది జరగలేదు, నా పేచీ అంతా అక్కడే.

వర్డ్, ఎక్సెల్, మెయిల్, బ్రౌజర్. ఈ నాలుగూ ఉంటే ఆఫీసు పని సాగిపోతుందని మీ లెక్క. కానీ రోజులో మా ప్రాణం తీసే పనులు ఈ నాలుగింటికీ అందనివే. మూడు పీడీఎఫ్‌లు కలిపి ఒకటి చేయాలి. ఎనభై పేజీల ఫైల్లోంచి రెండు పేజీలు తీసి పంపాలి. స్కాన్ సైజు తగ్గించాలి. ఖాతా నంబరు కనబడకుండా చేయాలి. రెండొందల ఫొటోల పేర్లు మార్చాలి. వీటిలో ఏదీ గొప్ప పని కాదు, అందుకే ఎవరి ప్లానింగ్‌లోనూ ఇవి కనబడవు.

ఇప్పుడు ఒక మామూలు సాయంత్రం సంగతి చూడండి. ఐదు గంటల్లోపు పోర్టల్‌లో ఫైల్ పెట్టాలి. 2 ఎంబీ దాటితే పోర్టల్ తీసుకోదు. చేతిలో ఉన్న స్కాన్ 14 ఎంబీ. టైము నాలుగు నలభై. టికెట్ పెడితే, అంటే ఐటీ విభాగానికి సాయం కోరుతూ ఆన్‌లైన్‌లో విన్నపం పంపితే, మీవాళ్లు చూసేసరికి రేపో ఎల్లుండో. పాపం ఆ ఉద్యోగి ఏం చేస్తారు? పీడీఎఫ్ సైజు తగ్గించే సైటు కోసం బ్రౌజర్‌లో వెతుకుతారు. పైన కనబడేవి ప్రకటనలు. టెన్షన్‌లో వాటిలోనే ఒకటి నొక్కుతారు. పేజీలో డౌన్‌లోడ్ అని మూడు ఆకుపచ్చ బటన్లు, వాటిలో రెండు మళ్లీ ప్రకటనలే. అసలు బటన్ చిన్న అక్షరాల్లో కింద ఎక్కడో ఉంటుంది. ఎలాగోలా ఫైల్ అక్కడికి వెళ్తుంది, చిన్నదై తిరిగొస్తుంది, ఐదుకి రెండు నిమిషాల ముందు పోర్టల్‌లో పడుతుంది. హమ్మయ్య! ఆ ఫైల్‌లో ఉన్నది సిబ్బంది జీతాల పట్టిక, బ్యాంకు ఖాతా నంబర్లతో సహా. అది ఇప్పుడు ఏ సర్వర్‌లో ఉందో, ఎన్నాళ్లు ఉంటుందో పంపిన మనిషికి తెలియదు. మీకైతే అసలు అలా ఒక ఫైల్ బయటికి వెళ్లిందనే తెలియదు.

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. 2017 సెప్టెంబరులో నార్వే ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే ఒక విషయం బయటపెట్టింది. స్టాటాయిల్ అనే పెద్ద చమురు కంపెనీలో ఉద్యోగులు ట్రాన్స్‌లేట్.కామ్ అనే ఉచిత అనువాద సైటులో వేసిన రాతలు గూగుల్‌లో వెతికితే దొరుకుతున్నాయి. ఉద్యోగాల్లోంచి తీసేసే నోటీసులు, ఒప్పందాలు, చివరికి పాస్‌వర్డ్‌లు కూడా వాటిలో ఉన్నాయి. ఆ ఉద్యోగులు దొంగతనం చేయలేదు, అనువాదం చేసుకున్నారు అంతే. 2025 మార్చిలో అమెరికాలో ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం ఉచిత ఫైల్ కన్వర్టర్ సైట్ల గురించే ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. అలాంటి కొన్ని సైట్లు అడిగిన పని చేసిపెడుతూనే, తిరిగిచ్చే ఫైల్‌లో మాల్‌వేర్ (కంప్యూటర్‌కి హాని చేసే ప్రోగ్రామ్) కలిపి పంపుతున్నాయట. పని సరిగ్గా అయిపోతుంది కనుక ఎవరికీ అనుమానం రాదు.

అసలు ఆ స్కాన్ 14 ఎంబీ ఎందుకయిందో చూద్దాం, ఎందుకంటే సగం తలనొప్పి అక్కడే పుడుతుంది. స్కానర్‌ని ఎవరో ఎప్పుడో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), కలర్‌లో పెట్టి వదిలేశారు. ఆ లెక్కన ఒక ఏ4 పేజీ దాదాపు మూడున్నర కోట్ల పిక్సెళ్లు. టైపు చేసిన లేఖకి అంత అక్కర్లేదు, 200 డీపీఐ చాలు. అడ్డంగా మూడో వంతు, నిలువుగా మూడో వంతు కనుక పిక్సెళ్లు తొమ్మిది రెట్లు తగ్గుతాయి. కలర్ బదులు గ్రే పెడితే ఒక్కో పిక్సెల్‌కి పట్టే డేటా ఇంకో మూడు రెట్లు తగ్గుతుంది. కుదించిన తర్వాత లెక్క అచ్చంగా ఇదే నిష్పత్తిలో రాకపోవచ్చు గానీ, 14 ఎంబీ అయ్యే ఫైల్ 2 ఎంబీ లోపే వచ్చేస్తుంది. సీలు, రంగు సంతకం ఉన్న కాగితాలకు మాత్రం కలర్ ఉంచండి, 300 డీపీఐ పెట్టండి. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. స్కానర్ దగ్గర ఈ రెండు సెట్టింగులూ రాసి అతికిస్తే చాలు, ఇన్నేళ్లలో ఆ చీటీ అతికించిన ఆఫీసు నేను చూడలేదు.

ఇక పనిముట్ల విషయం. నన్నడిగితే మొదట పెట్టాల్సింది నాప్స్2. స్కానింగ్ కోసమే చేసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది, అంటే దీని కోడ్ ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. రోజూ వాడే సెట్టింగులను ప్రొఫైల్‌గా దాచుకోవచ్చు. పేజీలు ముందువెనకలైతే మౌస్‌తో లాగి సరిచేయొచ్చు, తిరగబడినవి తిప్పొచ్చు, అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా సేవ్ చేయొచ్చు. స్కాన్‌లోంచి అక్షరాలను గుర్తించడానికి ఇది టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్‌ని వాడుకుంటుంది. టెసరాక్ట్‌ని మొదట హ్యూలెట్-పాకార్డ్‌లో తయారుచేశారు, 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదలయింది. తెలుగుతో సహా వందకు పైగా భాషలు చదువుతుంది. చేతిరాత చదువుతుందని ఆశపడకండి, మసక ఫొటోకాపీల మీదా తడబడుతుంది. శుభ్రంగా అచ్చయిన కాగితం అయితే మళ్లీ టైపు చేసే బాధ చాలావరకు తప్పిస్తుంది. ఇదంతా మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది, కాగితం బయటికి పోదు.

పీడీఎఫ్‌లు కలపడానికి, విడదీయడానికి పీడీఎఫ్‌శామ్ బేసిక్ ఉంది. డబ్బు కట్టాల్సిన వెర్షన్లు అదే సైటులో పక్కనే ఉంటాయి, బేసిక్ అన్నదే తీసుకోవాలి. పీడీఎఫ్24 క్రియేటర్ ఓపెన్ సోర్స్ కాదు గానీ ఆఫీసు వాడకానికి కూడా ఉచితం, సైజు తగ్గించడంతో సహా ఇంకా చాలా పనులు చేస్తుంది. ఇక్కడొక మెలిక ఉంది. అదే పేరుతో ఆన్‌లైన్ సేవ కూడా ఉంది. దాంట్లో ఫైల్ వాళ్ల సర్వర్‌కి వెళ్తుంది, క్రియేటర్‌లో వెళ్లదు. పేరు ఒకటే కనుక మీరే ఇన్‌స్టాల్ చేసి ఐకాన్ డెస్క్‌టాప్ మీద పెట్టకపోతే అందరూ సైటుకే పోతారు.

ఖాతా నంబర్లు దాచే పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది పీడీఎఫ్ తెరిచి, నంబరు మీద నల్ల డబ్బా గీసి, పని అయిపోయిందనుకుంటారు. అలాంటి ఫైల్ ఒకటి తెరిచి, ఆ నల్ల డబ్బా మీదుగా మౌస్‌తో సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. చాలాసార్లు నంబరు పూర్తిగా వచ్చేస్తుంది. ఎందుకంటే డబ్బా పైన కూర్చుంది, కింద అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వర్డ్, ఎక్సెల్ లాంటి పనులు చేసే ఉచిత ప్రోగ్రామ్‌ల కట్ట లిబ్రేఆఫీస్‌లో 2019లో వచ్చిన 6.3 వెర్షన్ నుంచి టూల్స్ మెనూలో రిడాక్ట్ అని ఒకటుంది. అది పేజీని బొమ్మగా మార్చి, నల్లబరిచిన చోట కింద ఏమీ మిగలకుండా పీడీఎఫ్ ఇస్తుంది. అన్ని కంప్యూటర్లలో లిబ్రేఆఫీస్ పెట్టడానికి ఈ ఒక్క పని చాలదా అనిపిస్తుంది నాకు.

అలాగని వర్డ్, ఎక్సెల్ తీసేసి అంతటా లిబ్రేఆఫీస్ పెట్టేయమని అడగడం లేదు. మీలో కొందరికి ఆ ఉత్సాహం వస్తుంటుంది, లైసెన్సు బిల్లు చేతికొచ్చిన నెలలో మరీ ఎక్కువ. ఫ్రాన్స్‌లో జాండార్మరీ అనే పోలీసు దళం 2005లో లిబ్రేఆఫీస్‌కి ముందుతరం అయిన ఓపెన్‌ఆఫీస్‌కి మారి, ఆ తర్వాత విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు లినక్స్‌కి కూడా మారి నిలబడింది. జర్మనీలో మ్యూనిక్ నగర పాలక సంస్థ లినక్స్‌కి మారి, ఏళ్ల తరబడి నడిపి, 2017లో మళ్లీ విండోస్‌కే పోవాలని తీర్మానించింది. రెండూ జరిగిన సంగతులే. ఎక్సెల్ మాక్రోల (పనిని తమంతట తామే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ల) మీద నడిచే లెక్కల విభాగాన్ని రాత్రికి రాత్రి మారిస్తే నెలాఖరులో ఏడుపే. పక్కన అదనంగా ఉంచండి, ఇష్టమైనవాళ్లు వాడుకుంటారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. జిప్ ఫైళ్లకు 7-జిప్. నలభై రోజుల ట్రయల్ అయిపోయినా విన్‌రార్‌నే వాడుతున్న ఆఫీసులు ఎన్నో మీకూ తెలుసు, అది లైసెన్సు ఉల్లంఘన. రార్ ఫైళ్లను 7-జిప్ కూడా తెరుస్తుంది. పాస్‌వర్డ్ పెట్టి 7జెడ్ ఫైల్ చేస్తే ఏఈఎస్-256 అనే గట్టి రహస్య సంకేత పద్ధతితో లాక్ చేస్తుంది. అక్కడ ఫైల్ పేర్లు కూడా దాచమనే టిక్కు ఒకటుంటుంది, అది పెట్టకపోతే లోపల ఏ ఫైళ్లున్నాయో పేర్లు మాత్రం ఎవరికైనా కనబడతాయి. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాసి పంపే మహానుభావులకు చెప్పేదేమీ లేదు. పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి కీపాస్‌ఎక్స్‌సీ, నెట్‌తో పని లేదు. ఎక్కడ పెట్టామో మరిచిన ఫైల్ వెతకడానికి ఎవ్రీథింగ్, పేరులో నాలుగక్షరాలు కొడితే చాలు. ఫైళ్ల పేర్లు గుంపుగా మార్చడానికి, ఫొటోల సైజు తగ్గించడానికి మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్. ఏ వీడియో వచ్చినా వీఎల్‌సీ. స్క్రీన్‌షాట్‌కి ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే సరి. ఈ ఒక్క ముక్క తెలియక ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి, వాట్సాప్‌లో పంపి, మళ్లీ ప్రింటు తీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మీ అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. ఉచిత సాఫ్ట్‌వేర్ అంటే వైరస్‌లే కదా అన్నది మొదటిది. ఉచితం అయినందువల్ల వైరస్ రాదు, ఎక్కడినుంచి దించుకున్నామన్న దాన్నిబట్టి వస్తుంది. 2015లో సోర్స్‌ఫోర్జ్ అనే ప్రసిద్ధ డౌన్‌లోడ్ సైటు, ఫొటోలు దిద్దే గింప్ ప్రోగ్రామ్ విండోస్ ఇన్‌స్టాలర్‌కి ప్రకటనల సాఫ్ట్‌వేర్ జతచేసి ఇస్తోందని గొడవ జరిగింది. గింప్ బృందం 2013లోనే అక్కణ్నించి వెళ్లిపోయింది. తయారీదారు సొంత సైటయినా పూర్తి భరోసా లేదు. 2017లో కంప్యూటర్‌లో చెత్త ఫైళ్లు తీసే సీక్లీనర్ ప్రోగ్రామ్ 5.33 వెర్షన్‌లో హ్యాకర్లు దొంగ కోడ్ చొప్పించారు, అది అసలు సైటు నుంచే ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరింది. ఇది ఉద్యోగి ఒంటరిగా మోయగలిగే భారం కాదు, ఇదే కదా మీ పని. ఇన్‌స్టాలర్లు మీరు దించండి, తయారీదారు డిజిటల్ సంతకం సరిచూడండి, ఆఫీసు షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టండి. ప్రోగ్రామ్‌లను కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేసే వింగెట్ విండోస్‌లో ఉండనే ఉంది, ఇన్‌స్టాల్‌కీ అప్‌డేట్‌కీ ఒక్కో కమాండ్. 7-జిప్ లాంటివి తమంతట తాము అప్‌డేట్ కావు, ఒకసారి పెట్టి మరిచిపోతే పాత లోపాలతో అలాగే పడుంటాయి.

రెండోది లైసెన్సుల సంగతి. ఇక్కడ మాత్రం మీ జాగ్రత్తే సరైనది. ఇంట్లో ఉచితమైనవన్నీ ఆఫీసులో ఉచితం కావు. దూరంగా ఉన్న కంప్యూటర్‌ని నడిపించే టీమ్‌వ్యూయర్ సొంత వాడకానికే ఉచితం. చాలా ప్రోగ్రామ్‌లను ఒకే దెబ్బతో ఇన్‌స్టాల్ చేసే నైనైట్ కూడా అంతే. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు వాడే డాకర్ డెస్క్‌టాప్‌కి 2021 నుంచి పెద్ద కంపెనీలు డబ్బు కట్టాలి. నేను పైన చెప్పినవాటిలోనూ ప్రతిదాని లైసెన్సూ ఒకసారి మీరే చదివి తేల్చండి, ఆ తేల్చిన మాట మాకు చెప్పండి. మీలో కొందరు లైసెన్సు చదివే ఓపిక లేక మొత్తానికే వద్దనేస్తున్నారు.

ఆన్‌లైన్ సైట్లన్నీ చెడ్డవని కూడా అనను. బ్రౌజర్‌లో తెరుచుకున్నా, ఫైల్‌ని మన కంప్యూటర్‌లోనే ఉంచి పనిచేసేవి ఉన్నాయి. ఫొటోల సైజు తగ్గించే స్క్వూష్, ఫొటోలు దిద్దే ఫొటోపియా అలాంటివి. ఒక సైటు ఏ రకమో తెలుసుకోవడానికి సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు. పేజీ పూర్తిగా తెరుచుకున్నాక నెట్ ఆపేయండి. అప్పుడు ఒక ఉత్తుత్తి ఫైల్ ఇచ్చి పని చేయించండి. పని అయిందంటే ఫైల్‌ని కంప్యూటర్‌లోనే నడిపిస్తోందన్నమాట. ఆగిపోయి ఎర్రర్ చూపిస్తే అప్‌లోడ్ చేసే రకమే అనుకుని దూరంగా ఉండండి. ముఖ్యమైన ఫైల్ అయితే పని ముగిశాక ఆ ట్యాబ్ మూసేసి, ఆ తర్వాతే నెట్ పెట్టాలి. మా సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఇది చేసి చూపిస్తే వెంటనే పట్టుకుంటారు. మీ ట్రైనింగ్ స్లైడ్లలో సైబర్ భద్రత గురించి అరవై పేజీలుంటాయి, ఇలాంటిది ఒక్కటీ ఉండదు.

జాగ్రత్తపరులు చేసే పొరపాటు ఒకటి మీ దృష్టికి తేవాలి. అనుమానంగా ఉన్న ఫైల్‌ని వైరస్‌లు వెతికే వైరస్‌టోటల్ సైటులో పరీక్షించడం మంచి అలవాటే. కానీ అక్కడ అప్‌లోడ్ చేసిన ఫైల్‌ని భద్రతా కంపెనీలు, డబ్బు కట్టే ఖాతాదారులు తీసుకుని చూడగలరు. రహస్య టెండర్ కాగితాన్ని పరీక్షకని అక్కడ పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఏఐ చాట్‌బాట్ల విషయమూ అంతే. 2023లో శామ్‌సంగ్ ఉద్యోగులు కంపెనీ సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామ్‌ల అసలు రాతను) చాట్‌జీపీటీలో వేశారని తేలాక ఆ కంపెనీ అలాంటి టూల్స్ వాడకాన్నే నిషేధించింది.

నిషేధం అంటే గుర్తొచ్చింది. ఈ లేఖ చదివి మీరు మొదట చేసేది ఏమిటో ఊహించగలను: కన్వర్టర్ సైట్లన్నీ రేపే బ్లాక్ చేయమని ఆర్డర్. దయచేసి ఆ పని ముందు చేయకండి. నేను పనిచేసిన ఒకచోట అదే చేశారు. వారం తిరక్కుండా జనం ఫైళ్లను వాట్సాప్‌లో తమకు తామే పంపుకుని, ఫోన్‌లో అవే సైట్లు తెరిచి పని కానిచ్చారు. అంతకుముందు ఆఫీసు నెట్‌వర్క్‌లో కనీసం జాడైనా ఉండేది, ఆ తర్వాత అదీ పోయింది. ముందు టూల్ ఇవ్వండి, నెల ఆగండి, అప్పుడు బ్లాక్ చేయండి. అప్పటికి ఆ సైట్ల అవసరం చాలామందికి ఉండదు.

నోట్స్, చేయాల్సిన పనుల జాబితాల్లాంటి ఉచిత ఆన్‌లైన్ సేవలను విభాగాలు వాడుకోవాలనుకుంటే కాదనకండి, ఒక్క షరతు పెట్టండి: మన డేటా మొత్తం మామూలు ఫార్మాట్‌లో బయటికి తీసుకునే దారి ఉండాలి. సైట్లలో కొత్తగా వచ్చినవి ఒకచోట చదివించే గూగుల్ రీడర్ 2013లో మూతపడింది, పనుల జాబితాల వండర్‌లిస్ట్ 2020లో. నోట్స్ దాచే ఎవర్‌నోట్ 2023 చివర్లో ఉచిత ఖాతాలను యాభై నోట్లకు కుదించింది. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, వాళ్ల వ్యాపారం వాళ్లది. మన ఫైళ్లు మన దగ్గర ఏ ప్రోగ్రామ్‌తోనైనా తెరవగల సీఎస్‌వీ పట్టికలోనో, పీడీఎఫ్‌లోనో, లిబ్రేఆఫీస్ వాడే ఓడీఎఫ్‌లోనో ఉంటే ఆ రోజు మనకు గాభరా ఉండదు.

డబ్బు మాట కూడా అడుగుతాను, మరోలా అనుకోకండి. ఈ టూల్స్‌లో చాలావాటి వెనక ఉన్నది ఒకరిద్దరు మనుషులు, లేదా చిన్న బృందం. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు ఆ లోపం ఉన్న, వెబ్‌సైట్ల భద్రతకి ప్రపంచమంతా ఆధారపడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు రెండు వేల డాలర్లని తెలిసి అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. లైసెన్సుల మీద ఆదా అయిన దాంట్లో ఏటా కొంత భాగం ఈ బృందాలకు వెళ్లేలా బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టండి. విరాళం అంటే ఆడిటర్లు ఒప్పుకోరంటే సపోర్ట్ ఖర్చు అని రాయండి. నిజానికి అది అదే.

ఇంతకీ వెంటనే కోరేది చాలా కొంచెం. వచ్చే నెలలోగా నాప్స్2, పీడీఎఫ్‌శామ్ బేసిక్, 7-జిప్, లిబ్రేఆఫీస్, ఈ నాలుగూ ప్రతి కంప్యూటర్‌లోనూ పెట్టించండి. ఏ పనికి ఏది వాడాలో ఒక్క పేజీలో, మెనూల పేర్లతో సహా రాయించి మెయిల్ చేయండి. రాసేది ఐటీవాళ్లే కానక్కర్లేదు, రోజూ ఈ పనులు చేసే సీనియర్ క్లర్క్ ఎవరైనా ఇంకా బాగా రాస్తారు. జాబితాలో లేని టూల్ కావాలంటే ఎవరిని అడగాలో ఆ పేజీ అడుగున ఒక మనిషి పేరు, ఎక్స్‌టెన్షన్ నంబర్ ఉండాలి. అడిగిన రెండు రోజుల్లో అవునో కాదో చెప్పాలి. కాదంటే బదులుగా ఏది వాడాలో కూడా చెప్పాలి.

ఇట్లు,
రోజూ సాయంత్రం ఐదులోపు ఫైళ్లు పంపే ఒక ఉద్యోగి